పది నిమిషాల గుడారం

ఆ గురువారం పొద్దున మిర్తా కోర్బలాన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పెందలాడే ఇసుకలో గుడారం పాతాలి. కాస్త పొద్దెక్కాక శిక్షణకు ముగ్గురు వస్తారు. మధ్యాహ్నానికి మున్సిపల్ సెక్రటరీ లుదువేన్యా వచ్చి చూస్తారు. ఆయన సరేనంటే గుడారం ప్రతి వేసవీ అక్కడే ఉంటుంది. కాదంటే సాయంత్రానికల్లా ఆ జాగా ఐస్‌క్రీం బండిది. ఈ పథకానికి గాలి ఒక్కటే ఒప్పుకోలేదు. రెండుసార్లు గుడారాన్ని లేపి సముద్రం వైపు ఈడ్చుకుపోయింది. చివరికి మిర్తా తాళ్ళను నీళ్ళ డబ్బాలకు బిగించి కట్టి, "ఇంక కదిలావో, చూసుకో మరి!" అని గుడారానికి వేలు చూపించింది. అది కదల్లేదు.

మిర్తా మా ఊరి ఆరోగ్య కేంద్రానికున్న ఒకే ఒక్క సైకాలజిస్టు. ఆమెకు ఈ గుడారం పిచ్చి పట్టడానికి కారణం నిరుడు జనవరిలో జరిగిన సంగతి. మా సాంతా రూఫినా తీరంలో పసిపిల్ల తప్పిపోతే, దొరికినవాళ్ళు భుజాల మీదికెత్తుకుని చప్పట్లు కొడతారు. పక్క గొడుగు వాళ్ళు అందుకుంటారు, ఆ పక్కవాళ్ళూ అందుకుంటారు. కన్నవాళ్ళు చప్పుడు విని పరుగెత్తుకొచ్చేదాకా ఎవరూ చేతులు దించరు. దించితే పాపం. నిరుడూ అలాగే ఒక పిల్లాడు తల్లికి దొరికాడు. జనం ఈలలేసి ఎవరి గొడుగు కిందికి వాళ్ళు పోయారు. ఆ తల్లి మాత్రం పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వణుకుతూనే ఉంది. దొరికాడు కదా, ఇంకా ఏడుపెందుకనుకున్నారు అందరూ. అటుగా పోతున్న మిర్తా చూసి, వెళ్ళి పక్కన కూర్చుంది. ఆ వణుకును ఆమె మరిచిపోలేకపోయింది. అలాంటి గడియలో పక్కన కూర్చోవడానికి ఒక మనిషీ, తలమీద కాస్త నీడా, గ్లాసుడు నీళ్ళూ ఉండాలని అప్పట్నుంచీ మున్సిపాలిటీ మెట్లు అరగదీస్తోంది.

మనుషులకైతే కొదవ లేదు. మా దేశంలో ఫిబ్రవరి అంటే నడి వేసవి. అది వచ్చిందంటే రాజధాని బ్యూనస్ ఐరిస్‌లోని మనసు వైద్యులంతా రోగులను వాళ్ళ ఖర్మకు వదిలేసి, క్లినిక్కులకు తాళాలేసి మా ఊరి మీద పడతారు. ఏ గొడుగు ఎత్తి చూసినా కింద ఒకరు మాతే ఆకుల కషాయం తాగుతూ కనిపిస్తారు. చిక్కల్లా ఏమిటంటే వాళ్ళు ఏళ్ళ తరబడి వైద్యం చేసేవాళ్ళు. పది నిమిషాల్లో మనిషిని నిలబెట్టమంటే వాళ్ళకు చేతకాదు. అది నేర్పుదామనే మిర్తా తాపత్రయం.

వచ్చిన ముగ్గురిలో నోయెలియా నిన్నగాక మొన్న పట్టా పుచ్చుకున్న పిల్ల. మిర్తా చెప్పిందంతా అప్పటికే కంఠతా పట్టేసింది. ఫాబ్రిసియోది రోసారియో నగరం. ఊపిరి సరిగ్గా పీలిస్తే లోకంలో తీరని కష్టం లేదని అతని నమ్మకం. మూడో ఆయన డాక్టర్ అబెలార్దో. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, రాజధానిలో పేరున్న వైద్యుడు. రోగిని దివాన్ మీద పడుకోబెట్టి, తాను తలవెనక కూర్చుని "ఊఁ" అనడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆయన తనంతట తాను రాలేదు. భార్య దెల్ఫినా పేరు రాయించింది.

"చూడు తల్లీ, సముద్రానికొచ్చినా ఈయన తీరు మారదు. మధ్యాహ్నం ఏం తింటావయ్యా అంటే, 'ఊఁ... ఎందుకలా అడుగుతున్నావ్' అంటాడు. నలుగురిలో ఆడే నాలుగు మాటలు నేర్పి పంపు, నీకు పుణ్యముంటుంది" అని మిర్తాకు అప్పజెప్పి, ఎండుకర్రలా ఉన్న మొగుడి వీపు ముద్దుగా తట్టి, "పో బొద్దోడా, బుద్ధిగా నేర్చుకో" అంది. తర్వాత తన ఆకుపచ్చ టోపీ సర్దుకుని గొడుగు కిందికి వెళ్ళిపోయింది.

మిర్తా పాఠం మొదలుపెట్టింది. "మనిషి బెంబేలెత్తి ఉన్నప్పుడు పాత సంగతులు తవ్వొద్దు. వాళ్ళ ఎత్తుకు దిగి కూర్చోండి. పేరడగండి. ఇప్పుడేం కావాలో అడగండి. వాళ్ళ మనిషి చేతికి అప్పజెప్పండి. పది నిమిషాలు, అంతే."

"పది నిమిషాలా?" అన్నాడు అబెలార్దో. "అమ్మాయ్, నా దివాన్ మీద పడుకున్నవాడికి గొంతు సవరించుకోడానికే పది నిమిషాలు పడుతుంది. పెద్రోసా అని ఒకాయన పదకొండేళ్ళుగా వస్తున్నాడు. ఇంకా వాళ్ళ నాన్న మీసం దగ్గరే ఉన్నాం."

"ఇక్కడ దివాన్ లేదు డాక్టరుగారూ. ఇసుకే ఉంది."

"ఊఁ" అన్నాడాయన.

అభ్యాసానికి ఎవరో ఒకరు బాధలో ఉన్న మనిషిగా నటించాలి కదా. అందుకు మిర్తా చుర్రోలమ్మే పోచోను పిలిచింది. పోచోకు నాటకాలంటే ప్రాణం. చిన్నప్పుడు బళ్ళో చెట్టు వేషం తప్ప దక్కలేదన్న దిగులు ఈనాటికీ ఉంది. నూనెలో వేయించి పాలకోవా కూరిన వేడి చుర్రోల బుట్టను గుడారంలో కుర్చీ మీద పెట్టి, ఒక్క ఉదుటున బయటికొచ్చి ఇసుకలో పడి గుండెలు బాదుకున్నాడు.

"నా కొడుకు! నా నహువెల్! ఎర్ర చెడ్డీ, ముక్కు మీద తెల్ల క్రీము! ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడయ్యో!"

ముందు ఫాబ్రిసియో వెళ్ళాడు. "పీల్చండి... ఆపండి... ఇంకా ఆపండి..." అని వదలమనడం మరిచిపోయాడు. పోచో ముఖం వంకాయ రంగుకు తిరిగాక మిర్తా అడ్డుపడింది. నోయెలియా కూర్చుని పేరేమిటి, ఏం కావాలి, మీ వాళ్ళెవరు, నీళ్ళు తాగుతారా అని ఊపిరాడకుండా అడిగి, జవాబు వినకుండానే లేచి "అయిపోయిందండీ!" అంది. ఆఖరికి అబెలార్దో మడతకుర్చీ లాక్కుని పోచో తలవెనక్కి చేరాడు. చాలాసేపు ఏమీ అనలేదు. కెరటాలు వస్తున్నాయి, పోతున్నాయి. అప్పుడు మెల్లగా అడిగాడు.

"నహువెల్ అన్న పేరు ఎవరిది?"

పోచో ఈ ప్రశ్నకు తయారుగా లేడు. "మా... మా నాన్నది సార్."

"ఊఁ."

"ఆయన నన్ను ఒక్కసారైనా భుజాల మీద ఎత్తుకోలేదు సార్!" అని పోచో భోరుమన్నాడు. ఈసారి అది నటన కాదు. ఆ సంగతి అబెలార్దోకు తెలుసు, మిర్తాకు తెలుసు. ఫాబ్రిసియోకు మాత్రం తెలియలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, "ఆహా, ఎంత బాగా చేశాడండీ!" అంటూ చప్పట్లు కొట్టాడు.

"చేతులు! బాబూ, చేతులు దించు!" అని మిర్తా కేక పెట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

పక్క గొడుగు వాళ్ళు అందుకున్నారు. ఆ పక్కవాళ్ళూ అందుకున్నారు. మా జనం ముందు కొట్టి, తర్వాత అడుగుతారు. నిమిషంలో తీరం పొడుగునా చప్పట్లు హోరెత్తాయి. చీట్లాట మధ్యలో వదిలేసి ఒక లావుపాటి ఆవిడ పరుగున వచ్చింది.

"పిల్లాడేడీ? ఎవరూ ఎత్తుకోలేదేం?" అని నలువైపులా చూసి, కింద ఏడుస్తున్న మనిషిని గుర్తుపట్టింది. "అయ్యో, చుర్రోల పోచో కొడుకే తప్పిపోయాడర్రా!"

"పోచోకి పెళ్ళెప్పుడయింది?" అన్నాడు వెనకనుంచి మొగుడు.

"ఇప్పుడా అడిగే మాట! పో, వెతుకు పో!"

"అది అభ్యాసమండీ, ఉత్త అభ్యాసం" అని మిర్తా చెప్పబోయింది.

"కళ్ళముందు తండ్రి కుళ్ళికుళ్ళి ఏడుస్తుంటే అభ్యాసమేమిటమ్మా? నీకు గుండె లేదూ?" అని ఆవిడ కసిరింది. మిర్తా పోచో వైపు చూసింది. వాడు చెప్పే స్థితిలో లేడు.

ఇక చూడాలి తమాషా. ఎర్ర చెడ్డీ అన్నమాట నోటినోటా పాకింది. కాసేపట్లో ఎర్ర చెడ్డీలవాళ్ళు ముగ్గుర్ని పట్టుకొచ్చి పోచో ముందు నిలబెట్టారు. వాళ్ళలో ఒకడికి మీసాలొస్తున్నాయి. ఇంకోవైపు, చప్పట్లు విన్న తల్లిదండ్రులంతా ఎక్కడిపిల్లల్ని అక్కడ వదిలి ఇటు పరుగెత్తుకొచ్చారు. అక్కడ గొడుగుల కింద పిల్లలు అమ్మా నాన్నా కనబడక గుక్కపెట్టారు. వాళ్ళను చూసినవాళ్ళు జాలిపడి భుజాలకెత్తుకుని అక్కడా చప్పట్లు మొదలుపెట్టారు. ఆ తల్లులు ఇక్కడ వెతుకుతుంటే వాళ్ళ పిల్లలు అక్కడ, అక్కడికి పోయేసరికి ఇక్కడ. ఎటు చూసినా భుజాల మీద ఒక పిల్ల, చుట్టూ చప్పట్లు. ఏ చప్పుడు ఎవరి పిల్లదో ఆ దేవుడికే తెలియాలి. పోనీ ఒకరైనా ఆపుతారా అంటే, ముందు ఆపిన పాపం తమకెందుకని ఎవరూ ఆపరు.

ఆ గందరగోళంలోంచి ఒక మనిషి ఈతచెడ్డీతో, ముఖాన నెత్తుటి చుక్క లేకుండా గుడారం దగ్గరికొచ్చాడు. ముందు మిర్తా గుర్తుపట్టలేదు. టై లేకుండా సెక్రటరీ లుదువేన్యాను మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. మధ్యాహ్నం దాకా కూతురితో గడిపి, బట్టలు మార్చుకుని తనిఖీకి వద్దామనుకున్నాడట. చప్పట్లు వినగానే అధికారిని కదా, ముందుండాలని పరుగెత్తాడు. గొడుగు కింద నిద్రపోతున్న పిల్లను లేపడమెందుకని వదిలి వచ్చాడు. తిరిగి వెళితే తుండుగుడ్డ ఉంది, పిల్ల లేదు.

"రెనాతా" అన్నాడు. "నాలుగేళ్ళు. పచ్చ... కాదు, పసుప్పచ్చ గౌను. వాళ్ళమ్మ మొదటిసారి నమ్మి నాతో ఒంటరిగా పంపింది."

"పీల్చండి" అన్నాడు ఫాబ్రిసియో.

"ఊపిరి నాకు తెలుసయ్యా! పిల్ల కావాలి!"

"మీ నాన్నగారితో మీకు..." అని అబెలార్దో మొదలుపెట్టాడు.

"మా నాన్న ఎక్కడో కోర్దొబాలో ఉన్నారు! ఆయనకిక్కడేం పని!"

నోయెలియా కంఠతా పట్టిందంతా గాలికి పోయింది. తనిఖీ సంగతి, గుడారం సంగతి మిర్తా ఆ క్షణమే మరిచిపోయింది. ఎదుట సముద్రముంది, పిల్లకు నాలుగేళ్ళు. మిర్తా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను లైఫ్‌గార్డ్ దగ్గరికి వెళ్తాను. మీరు నాతో రండి. మీలో ఇద్దరు చెరోవైపూ వెతకండి, ఒకరు గుడారంలో ఉండండి!" అని పరుగెత్తింది. ఎవరుండాలో చెప్పలేదు. ఒకరుంటారులే అనుకుని ముగ్గురూ వెళ్ళిపోయారు. ఎర్ర చెడ్డీల పిల్లల తల్లులకు జవాబు చెప్పలేక పోచో అప్పటికే ఎటో జారుకున్నాడు.

అబెలార్దో వెతకడానికి కాదు, దెల్ఫినాను పిలవడానికి వెళ్ళాడు. ఇలాంటి వేళల్లో ఏం చెయ్యాలో ఆవిడకే తెలుసని ఆయన నమ్మకం. కాని గొడుగులన్నీ ఒకేలా ఉన్నాయి. తీరం కమిటీ వాళ్ళు అందంగా ఉంటుందని అన్నిటికీ నీలం చారలే వేయించారు. ఒక గొడుగు కిందికి వంగి "దెల్ఫినా" అన్నాడు. ఎవరో ముసలాయన లేచాడు. ఇంకోదాని కింద ఎవరూ లేరు, తన మాతే ఫ్లాస్కు ఉంది. అంటే తమ గొడుగే. పక్కన చెప్పులు లేవు, ఆకుపచ్చ టోపీ లేదు, దెల్ఫినా లేదు. చుట్టూ చప్పట్లు. ఎవరో ఒకామె "నీళ్ళ వైపు పోయిందేమో చూడండర్రా!" అని ఇంకెవరి గురించో అరిచింది.

ఆ మాట ఆయన చెవిన పడింది. నలభై ఏళ్ళుగా దెల్ఫినా ఎక్కడుందో తెలియని గంట ఆయన జీవితంలో లేదు. ముందు నీళ్ళ వైపు నాలుగడుగులు వేశాడు. మళ్ళీ వెనక్కి తిరిగాడు. ఇప్పుడు తమ గొడుగేదో కూడా తెలియలేదు. అక్కడే ఇసుకలో కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. పాపం, ఆయనను చూసి నవ్వినవాళ్ళు ఎవరూ లేరు.

నోయెలియా అటుగా వస్తూ చూసింది. ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్నో ఆమెకు గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవాలనీ తోచలేదు. వెళ్ళి ఆయన ఎదుట ఇసుకలో కూర్చుంది.

"డాక్టరుగారూ, నేను నోయెలియాను. ఇక్కడే ఉన్నాను. ఎవరు కనబడట్లేదు?"

"దెల్ఫినా."

"ఇప్పుడు ఏం కావాలి మీకు?"

పెద్రోసా వాళ్ళ నాన్న మీసం దగ్గరే పదకొండేళ్ళు ఆగిన డాక్టరు, క్షణం ఆలస్యం చెయ్యలేదు. "దెల్ఫినా" అన్నాడు.

"సరే. వెతుకుదాం. ఒంటరిగా కాదు, నేనూ వస్తా" అని ఆమె చెయ్యందించింది. ఇంతలో లైఫ్‌గార్డ్ గాస్తోన్ వచ్చాడు. ఆంబోతు భుజాలవాడు. సంగతి విని ఆయన ఎదుట వంగాడు.

"ఎక్కండి తాతగారూ."

"నేనా! ఈ వయసులోనా!"

"తప్పిపోయాక వయసేమిటండీ. ఎక్కండి."

ఎక్కించేశారు. జనం మూగి చప్పట్లందుకున్నారు. "ఈ తాత ఎవరి తాలూకండీ? ఎవరి తాతో వచ్చి తీసుకెళ్ళండీ!" అని కేకలు. అబెలార్దో సిగ్గుతో గాస్తోన్ జుట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా తెరిచాడు. అంత ఎత్తునుంచి తీరమంతా కనిపిస్తోంది. భుజాల మీద పిల్లలు, అటూ ఇటూ ఉరికే తల్లులు, ఎర్ర చెడ్డీలు. అంత హడావిడిలోనూ గుంపు చేరని చోటు ఒకటే ఉంది, మిర్తా గుడారం. దాని నీడలో, కుర్చీలో ఆకుపచ్చ టోపీ. ఆ పక్క కుర్చీలో పసుప్పచ్చ గౌను.

జన్మలో "ఊఁ" దాటి గొంతెత్తని అబెలార్దో అరిచిన అరుపు అటు లైట్‌హౌస్ దాకా వినిపించిందంటారు.

"దెల్ఫినా! పిల్ల! గుడారంలో! గుడారంలో ఉన్నారు!"

అందరికంటే ముందు లుదువేన్యా చేరాడు, వెనకే మిర్తా. రెనాతా మూతి నిండా పాలకోవాతో, పోచో బుట్టలోంచి ఇంకో చుర్రో తీసుకుంటూ తలెత్తింది.

"నాన్నా, ఎక్కడ తప్పిపోయావ్?" అని అడిగింది.

దెల్ఫినా మాత్రం కోపంగా ఉంది. "పిల్ల ఒక్కతే నడిచిపోతుంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఇక్కడ 'సాయం కావాలంటే రండి' అని ఇంత బోర్డు పెట్టారా? వచ్చి కూర్చున్నాం. పది నిమిషాలని కూడా రాశారు, ఎంతసేపైంది, ఒక్కడంటే ఒక్కడు లేడు! ఇదేం సాయమమ్మా!" అని మిర్తాను కడిగేసింది. అంతలో గాస్తోన్ భుజాలెక్కి వస్తున్న మొగుడు కంటబడ్డాడు. "ఓరి బొద్దోడా! అక్కడికెందుకెక్కావ్?"

అబెలార్దో కిందికి దిగి, ఆవిడ టోపీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. "ఊఁ" అని కూడా అనలేదు.

జనం ఈలలేశారు, ఒకరినొకరు ముద్దులు పెట్టుకున్నారు. మెల్లమెల్లగా ఏ పిల్ల ఎవరిదో తేలింది, ఎవరి గొడుగు కిందికి వాళ్ళు పోయారు. మిర్తా గుడారం తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. సెక్రటరీ కూతురే తప్పిపోయిన రోజున తనిఖీ ఏమిటి, నెగ్గడమేమిటి! ఒక ముడి విప్పి రెండో దాని మీద చెయ్యి వేసినప్పుడు కనబడింది. గుడారం వెనక ఇసుకలో లుదువేన్యా కూర్చుని ఉన్నాడు. పిల్ల ఒళ్ళో ఉంది, నిక్షేపంగా ఉంది. ఆయన మాత్రం వణుకుతున్నాడు. పళ్ళు టకటకమంటున్నాయి.

మిర్తా తాడు వదిలేసి వెళ్ళి పక్కన కూర్చుంది. గ్లాసుతో నీళ్ళిచ్చింది.

"దొరికింది కదా" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా. "దొరికాక ఎందుకిలా..."

"ఒంటికి ఆ సంగతి ఇంకా తెలియలేదండీ. తెలిసేదాకా నేనిక్కడే ఉంటాను."

ఆయన ఏడ్చాడు. రెనాతా నాన్న చెంప మీద పాలకోవా చేత్తో తుడిచింది. కాసేపటికి వణుకు తగ్గింది. పూర్తిగా తగ్గాక ఆయన సముద్రం వైపు చూస్తూ అడిగాడు. "నువ్వు ఏడాదిగా మెట్లెక్కి చెబుతున్నది ఇదేనా?"

"ఇదేనండీ."

"నేను ఎండకు నీడ కోసం అడుగుతున్నావనుకున్నాను" అన్నాడు లుదువేన్యా. లేచి, మిర్తా విప్పిన ముడిని తన చేత్తో తిరిగి కట్టాడు. గట్టిగా కట్టడం రాలేదు. ఆయన వెళ్ళాక మిర్తా మళ్ళీ కట్టుకుంది. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. గుడారం ప్రతి వేసవీ ఉంటుంది, కాని ఎవరో ఒకరు లోపలే ఉండాలి.

ఆ ఫిబ్రవరి మిగిలిన మధ్యాహ్నాలన్నీ లోపలున్నది అబెలార్దోనే. మార్చిలో రాజధానికి వెళ్ళాక అలవాటుగా పెద్రోసాను కూడా "ఇప్పుడు ఏం కావాలి నీకు?" అని అడిగాడట. పెద్రోసా ఆలోచించి, "ఇంటికెళ్ళాలనుంది డాక్టర్" అని లేచి వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఇంకెవరినీ ఆ ప్రశ్న అడగొద్దని, తామూ నాలుగు మెతుకులు తినాలని దెల్ఫినా ఒట్టు పెట్టించుకుంది. పోచోను మాత్రం ఇప్పటికీ ఆడవాళ్ళు ఆపి కొడుకు దొరికాడా అని అడుగుతారు. వాడు చెప్పిచెప్పి విసిగి, "దొరికాడమ్మా, బడికెళ్తున్నాడు" అంటున్నాడు.

వేసవి చివర గుడారం ముందు ఇసుకలోనే పట్టాలిచ్చారు. సెక్రటరీ ప్రసంగించాడు, నోయెలియా కళ్ళొత్తుకుంది, ఫాబ్రిసియో చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. సభ దిగ్విజయంగా ముగిసింది, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.